నీలకవలస నోడు క్యాంపులో ఉంది

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు వైర్లంటే ఇష్టం, మనుషులంటే కాస్త చిరాకు. వైరు తెగితే తెగానని ఒప్పుకుంటుంది. మనిషి ఒప్పుకోడు. ఇక మా శాఖ సంగతి అడక్కండి.

శాఖ పేరు చెప్పను. పెళ్ళిళ్ళు నమోదు చేసి సర్టిఫికెట్లు ఇచ్చే శాఖ అనుకోండి, చాలు. జిల్లాలో మాకు ఇరవై మూడు ఆఫీసులు. ఒక్కో ఆఫీసులోని కంప్యూటరూ, దాన్ని మాతో కలిపే చిన్న పెట్టే కలిపి మా లెక్కలో ఒక నోడు. జిల్లా కేంద్రంలో జాయింట్ డైరెక్టరు గారి గదిలో గోడనిండా ఒక తెర, దాని మీద ఇరవై మూడు చుక్కలు. ఇక్కణ్ణుంచి నా కంప్యూటరు నిమిషానికోసారి ఒక్కో నోడునీ ఉన్నావా అని పిలుస్తుంది. పలికితే చుక్క ఆకుపచ్చ. పలక్కపోతే ఎరుపు.

నా పేరు గౌరునాయుడు. ఔట్‌సోర్సింగ్ నెట్‌వర్క్ అసిస్టెంటుని. ఎర్రచుక్క కనబడగానే సంచీ భుజాన వేసుకుని బస్సెక్కడం, వైరు సరిచెయ్యడం, చుక్క ఆకుపచ్చగా మారాక మళ్ళీ బస్సెక్కడం, ఇదీ నా ఉద్యోగం. ఆరేళ్ళు హాయిగా గడిచిపోయాయి. తర్వాత మా శాఖకి ఉత్సాహం వచ్చింది.

రాజధాని నుంచి కమిషనరు గారి ఉత్తర్వు దిగింది. సోమవారం మొదలు రెండు వారాలపాటు 'ఎరుపు రహిత పక్షోత్సవాలు' జరపాలి. ఏ జిల్లా తెర మీదా ఎర్రచుక్క ఉండకూడదు. రెండో శుక్రవారం వీడియో కాన్ఫరెన్సులో కమిషనరు గారే స్వయంగా తెరలన్నీ చూస్తారు. సోమవారం పొద్దున్న ఆఫీసు ముందు బ్యానరు కట్టారు, అందరం చేతులు ముందుకు చాచి ఎరుపుని నిర్మూలిస్తామని ప్రతిజ్ఞ చేశాం. ప్రతిజ్ఞ అయ్యాక లోపలికెళ్ళి చూస్తే తెర మీద మూడు ఎర్రచుక్కలు. వాటిలో ఒకటి నీలకవలస.

నేను యథాప్రకారం సంచీ తీశాను. జాయింట్ డైరెక్టరు అనంతపద్మనాభం గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన మంచివారే, ఎవర్నీ పల్లెత్తు మాట అనరు, కానీ ఏ విషయాన్నయినా ఫైలు వైపు నుంచి మాత్రమే చూడగలరు. నేను వెళ్ళడమంటే ఎరుపు ఉందని గుర్తించడమట. గుర్తిస్తే నమోదు చెయ్యాలట. నమోదు చేస్తే అది ఎరుపు రహితం ఎలా అవుతుందని నన్నే అడిగారు.

అప్పుడు సూపరింటెండెంటు తాతబాబు గారు గొంతు సవరించుకున్నారు. ముప్ఫయ్యొక్కేళ్ళ సర్వీసు. నిబంధనల పుస్తకం ఆయన చదవరు, దిండు కింద పెట్టుకుని పడుకుంటారేమో అని మా అనుమానం. నోడు పిలిస్తే పలకడం లేదంటే అర్థం ఏమిటని నన్ను అడిగారు. లైను తెగి ఉండొచ్చు, పెట్టెకి కరెంటు అందకపోయి ఉండొచ్చు, ఎవరో వైరు లాగేసి ఉండొచ్చు, వెళ్ళి చూస్తే తప్ప తెలీదని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"మన ఆఫీసర్లని పిలిస్తే సీట్లో పలుకుతున్నారా? లేదే. వాళ్ళు పాడైపోయారని రాస్తున్నామా మరి? ఏమంటున్నాం?"

"క్యాంపులో ఉన్నారంటున్నాం."

"అదీ."

జాయింట్ డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. సాయంత్రానికల్లా ఆర్డరు తయారైంది. టైపు చేసింది నేనే. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, పిలుపునకు స్పందించని నోడులను విధి నిర్వహణ నిమిత్తం క్షేత్రస్థాయి పర్యటనలో ఉన్నట్లు పరిగణించి, తెరపై పసుపు వర్ణమున చూపవలెను. పర్యటనలో ఉన్న నోడునకు మరమ్మతు చేయబూనుట దాని విధులకు ఆటంకం కలిగించుటగా భావించబడును." నా సంచీని బీరువాలో పెట్టి తాళం వేశారు. పనిముట్లు బయట కనబడితే లోపం ఉన్నట్టు అర్థం వస్తుందట.

అక్కడితో ఆగితే ఇంత చెప్పేవాణ్ణి కాదు. క్యాంపు అన్నాక పర్యటన కార్యక్రమం ఉండాలి కదా. డైరీ ఉండాలి కదా. మూడు నోడుల తరపునా నేనే రాశాను. నీలకవలస నోడు ఉదయం పదిన్నరకి బయల్దేరినది. క్యాంపు ఉద్దేశం, క్షేత్ర పరిశీలన. తిరుగు ప్రయాణం, తర్వాత తెలియజేయబడును. సంతకం ఎవరిది పెట్టాలని అడిగితే, యంత్రం వెనకాల చెక్కి ఉండే నంబరు వేస్తే సరిపోతుందన్నారు తాతబాబు గారు. సొంతంగా సంతకం పెట్టలేని వాళ్ళ విషయంలో మనం ఉదారంగా ఉండాలని కూడా అన్నారు.

మర్నాడు ఆయనకే ఇంకో సందేహం వచ్చింది. క్యాంపులో ఉన్నవాళ్ళ పని ఎవరు చూడాలి? పక్క సీటువాళ్ళకి అదనపు బాధ్యతలు అప్పగించాలి, అది రూలు. కాబట్టి నీలకవలస పనంతా తోటపేట నోడుకి అప్పజెప్పారు. తోటపేటకి ఉన్నది పాత టెలిఫోను తీగ, సొంత పని మొయ్యడానికే మూలిగేది. రెండు ఆఫీసుల పని ఒక్కసారి నెత్తిన పడేసరికి మధ్యాహ్నానికి చతికిలపడింది. చుక్క ఎరుపెక్కబోతుండగా నేను భయపడుతూ వెళ్ళి చెప్పాను.

"పనిభారం ఎక్కువైతే మనుషులు మాత్రం క్యాంపుకి వెళ్ళరా?" అన్నారు తాతబాబు గారు, చాలా సానుభూతిగా.

తోటపేట కూడా పసుపైంది. దాని బాధ్యతలూ, దాని దగ్గరున్న నీలకవలస బాధ్యతలూ కలిపి బొద్దూరుకి ఇచ్చారు. బొద్దూరు ఒకటిన్నర రోజులు నిలబడింది. దాని మీద నాకు గౌరవం పెరిగింది. తర్వాత అదీ వెళ్ళింది. మొదటి వారం పూర్తయ్యేసరికి తొమ్మిది నోడులు క్యాంపులో ఉన్నాయి. రెండో బుధవారానికి పదహారు. ఒక్క ఎర్రచుక్క లేదు. తెరంతా పసుపు పారబోసినట్టు కళకళలాడుతుంటే జాయింట్ డైరెక్టరు గారు రోజూ వచ్చి దాని ముందు కాసేపు నిలబడి వెళ్ళేవారు.

ఈ లోపల ఇంకో చిక్కు తేలింది. నోడు క్యాంపులో ఉంటే దాని అధికారి ఆఫీసులో ఎలా ఉంటాడు? రికార్డు పొసగదు. అందుకని అధికారులు కూడా క్యాంపులో ఉన్నట్టే లెక్క అని సవరణ ఉత్తర్వు వెళ్ళింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చునే క్యాంపులో ఉండొచ్చు. దీనికి ఒక్క అధికారి కూడా అభ్యంతరం చెప్పలేదు.

గురువారం పదకొండింటికి ఒక జంట మా ఆఫీసుకి వచ్చారు. ఆ అమ్మాయి గేదెల ఈశ్వరి, నీలకవలస ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అతను ధనుంజయ, హిందూపురంలో ల్యాబ్ టెక్నీషియను. రాష్ట్రానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. పెళ్ళయి ఎనిమిది నెలలు. ఇన్నాళ్ళకి బదిలీలు తెరిచారు. దంపతుల కోటాలో ధనుంజయని నీలకవలసకి తెచ్చుకోవచ్చు, కానీ మా శాఖ ఇచ్చే సర్టిఫికెట్టు జతచెయ్యాలి. శుభలేఖ చెల్లదు, పెళ్ళి ఫొటో చెల్లదు. గడువు శుక్రవారం సాయంత్రం ఐదింటి వరకే. అది దాటితే మళ్ళీ మూడేళ్ళకి గానీ బదిలీలు లేవు.

వాళ్ళు సోమవారమే ముగ్గురు సాక్షుల్ని వెంటబెట్టుకుని నీలకవలస వెళ్ళారట. నమోదు అధికారి పోలినాయుడు గారు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, తాను క్యాంపులో ఉన్నానని చాలా మర్యాదగా చెప్పారట. తోటపేట వెళ్ళమన్నారు. తోటపేట అధికారి కూడా క్యాంపులోనే ఉన్నానని చెప్పి, కూర్చోమని బల్ల చూపించారు. బొద్దూరులో క్యాంపులో ఉన్నాయన వీళ్ళకి మంచినీళ్ళిచ్చారు. అలా నీలకవలస బాధ్యతల వెంటబడి ఆరు ఆఫీసులు. దారిలో ఇద్దరు సాక్షులు సెలవు అయిపోయి వెళ్ళిపోయారు. మిగిలిన ఒక్కడు, ధనుంజయ స్నేహితుడు, ఆరో ఆఫీసు మెట్ల మీద దణ్ణం పెట్టి బస్సెక్కేశాడు.

ఇదంతా చెప్పి ఈశ్వరి ఏడవలేదు. నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"పెళ్ళయిన కాణ్ణుంచి మేం కలిసున్నది పదకొండు రోజులండి. అందులో నాలుగు మీ ఆఫీసుల చుట్టూ తిరిగినవే. నాకు సర్టిఫికెట్టు ఇస్తారా, లేకపోతే నా మొగుడు కూడా క్యాంపులో ఉన్నాడని రాసిచ్చేస్తారా?"

నాకు సిగ్గేసింది. ఆ ఆర్డర్లన్నీ నా వేళ్ళతో టైపు చేసినవే. నోడులకి డైరీలు రాసినప్పుడు నేను కూడా లోపల్లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఖర్చు ఎవరి మీద పడుతోందో అప్పుడు తెలీలేదు.

తాతబాబు గారి దగ్గరకి పరిగెత్తాను. నీలకవలస వెళ్ళి చూసొస్తాను, ఐదు నిమిషాల పని అయ్యుంటుంది అన్నాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. ఆ అమ్మాయి వైపు చూసి నిజంగానే బాధపడ్డారు కూడా. కానీ క్యాంపులో ఉన్న నోడుని వెనక్కి పిలవాలంటే పునరాహ్వాన ఉత్తర్వు కావాలట. అది ఇవ్వాలంటే క్యాంపు ఉద్దేశం నెరవేరిందని నోడు రాతపూర్వకంగా తెలియజెయ్యాలట. పలకని నోడు రాతపూర్వకంగా ఎలా తెలియజేస్తుందండీ అని అడిగాను. అందుకే పునరాహ్వానం కుదరదని చెబుతున్నాను కదరా నాయనా అన్నారు.

శుక్రవారం పన్నెండింటికి ఇరవై ఒక్క నోడులు పసుపు. రెండింటికి ఇరవై రెండు. రెండుంపావుకి చివరిది కూడా వెళ్ళిపోయింది. బాధ్యతలు ఎవరికివ్వాలి? జిల్లా మొత్తం మీద ఇంకా పలుకుతున్న యంత్రం గోడమీది తెర ఒక్కటే. దానికి కీబోర్డు లేదు, చుక్కలు చూపించడం తప్ప దానికి ఏ విద్యా రాదు. ఇరవై మూడు ఆఫీసుల అదనపు బాధ్యతలు ఆ గోడకే అప్పగించారు. చార్జి అప్పగింత కాయితం దాని కింద టేపుతో అంటించారు. మూడింటికి కాన్ఫరెన్సు మొదలవుతుంటే నేను కెమెరా పెట్టి, సౌండు సరిచూసి, బాత్రూముకని చెప్పి బయటికొచ్చాను. ముందే అనుకున్న ప్రకారం గేటు దగ్గర ధనుంజయ మోటారు సైకిలు స్టార్టు చేసి ఉంచాడు, వెనకాల ఈశ్వరి.

ముగ్గురం ఒకే బండి మీద ముప్ఫై కిలోమీటర్లు వెళ్ళాం. నాలుగింటికి నీలకవలస చేరాం. పోలినాయుడు గారు నన్ను చూడగానే తాను క్యాంపులో ఉన్నానని గుర్తుచేశారు. నాకు తెలుసండీ, నేనే టైపు చేశానని చెప్పి మూలకి వెళ్ళాను.

నెట్‌వర్కు పెట్టె చల్లగా పడి ఉంది. దాని ప్లగ్గు కింద వేలాడుతోంది. గోడకి కంప్యూటరుది పోగా మిగిలిన ఒకే ఒక్క సాకెట్లో వేరే ప్లగ్గు ఉంది. ఆ వైరు పట్టుకుని వెళ్తే గుమ్మం పైకెక్కింది, గుమ్మం మీద రంగురంగుల బల్బులు పరిగెత్తే పెద్ద బోర్డు. నిరంతర సేవా కేంద్రం. పక్షోత్సవాలకి ముందురోజు జాయింట్ డైరెక్టరు గారి చేతులమీదుగా ప్రారంభించారట. ఆరోజు నుంచే నోడు క్యాంపుకి వెళ్ళింది.

ఇంకో సాకెట్టు పెట్టించుకోవచ్చు కదండీ అంటే ఇండెంటు పెట్టి పన్నెండు రోజులైందని, అది జిల్లా ఆఫీసులో ఉందని పోలినాయుడు గారు చెప్పారు. నా దగ్గర ఎక్స్‌టెన్షను బాక్సు ఉంది. బీరువాలో, తాళం వేసిన సంచీలో ఉంది. ఊళ్ళో శుక్రవారం టీకొట్టు తప్ప కొట్లన్నీ కట్టేస్తారు. బోర్డు ప్లగ్గు మీద చెయ్యి వేసేసరికి ఆయన అడ్డం వచ్చారు. రోజూ నాలుగుంపావుకి బోర్డు వెలుగుతున్న ఫొటో జిల్లాకి పంపాలట, ఆరిపోతే తన ఉద్యోగం పోతుందట.

"మీది పోదండి, నాది పోతుంది. లాగింది నేనని రాసేయండి," అని లాగేశాను. టైము నాలుగూ తొమ్మిది.

పెట్టె ప్లగ్గు పెట్టాను. ఒక దీపం వెలిగింది. రెండోది. మూడోది ఆలోచించుకుంది. నాలుగోది వెలిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. కంప్యూటరు జిల్లాని పలకరించింది, జిల్లా పలికింది. పోలినాయుడు గారు కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు.

"నమస్కారమండి. ఇప్పుడే క్యాంపు నుంచి వచ్చాను. చెప్పండమ్మా, ఏం పని మీద వచ్చారు?"

ఈశ్వరి ఆయనకి మొదట్నుంచీ చెప్పింది, మొదటిసారి చెబుతున్నట్టే. సాక్షులు ముగ్గురు కావాలి. నేనొకణ్ణి, అటెండరు పైడితల్లి ఒకామె, బోర్డు ఆరిందేమిటా అని చూడ్డానికొచ్చిన టీకొట్టాయన ఇంకొకాయన. వేలిముద్రలు తీస్తుంటే ఈశ్వరి ముద్ర రెండుసార్లు పడలేదు. ఆసుపత్రిలో రోజంతా మందు నీళ్ళతో కడిగి కడిగి ఆమె వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. మూడోసారి ధనుంజయ ఆమె బొటనవేలు తన షర్టుకి రుద్ది, ఊది, తనే పెట్టించాడు. పడింది. పైడితల్లి గట్టిగా చప్పట్లు కొట్టింది. సర్టిఫికెట్టు చేతికొచ్చింది నాలుగూ ముప్ఫయ్యొకటికి. ఫోనులో ఫొటో తీసి, బదిలీ దరఖాస్తుకి జతచేసి పంపేసరికి నాలుగూ నలభై నాలుగు. అందింది అని మెసేజీ రాగానే ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని అక్కడే గిరగిరా తిరిగారు. నేను గోడవైపు తిరిగాను, అంటే సిగ్గుపడి కాదు, సర్టిఫికెట్టు అచ్చయిన క్షణంలోనే పోలినాయుడు గారు నా ప్లగ్గు పీకేసి బోర్డుది పెట్టేశారు. అది ఎలా ఉందో చూద్దామని తిరిగాను. నోడు మళ్ళీ క్యాంపుకి వెళ్ళిపోయింది.

ఆ టైములో జిల్లాలో జరిగింది నాకు తర్వాత తాతబాబు గారు చెప్పారు. కమిషనరు గారు మా పసుపు తెర చూసి ముగ్ధులైపోయారట. శాఖ యావత్తూ ప్రజల మధ్యకు తరలివెళ్ళడం ఇంతవరకు ఏ జిల్లాలోనూ చూడలేదన్నారట. సరిగ్గా అప్పుడే ఒక చుక్క ఆకుపచ్చగా మారింది. ఇరవై రెండు నోడులు ఎండలో తిరుగుతుంటే ఇదేమిటి, ఒక్కటి ఆఫీసులో కూర్చుందని ఆయన మొహం ముడుచుకున్నారట. అనంతపద్మనాభం గారు విచారించి తగు చర్య తీసుకుంటామని మాటిచ్చారు. ఇరవై రెండు నిమిషాల్లో చుక్క పసుపైపోయింది. చర్య తీసుకోవడంలో ఇంత వేగం తన సర్వీసులో చూడలేదని కమిషనరు గారు మెచ్చుకున్నారట.

సోమవారం నాకు మెమో వచ్చింది. నీలకవలస వెళ్ళినందుకు కాదు, ప్లగ్గు మార్చినందుకు కాదు. శుక్రవారం ఫొటోలో బోర్డు ఆరిపోయి ఉంది. "నిరంతర సేవకు ఇరవై రెండు నిమిషాలపాటు అంతరాయం కలిగించినందులకు మిమ్మల్ని విధుల నుండి ఏల తొలగించరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను." ఆరేళ్ళ ఉద్యోగం, ఒక్క వాక్యం. ఇంట్లో చెప్పలేదు.

మూడోరోజు మధ్యాహ్నం తాతబాబు గారు నా బల్ల దగ్గరకొచ్చి, నేను రాసిన క్షమాపణ పత్రం తీసి చదివి, నాలుగు ముక్కలు చేశారు. ఆయన కాయితం చించడం నేనెప్పుడూ చూడలేదు.

"బోర్డు ఆరిపోయిందని రాస్తావేంట్రా బుద్ధిలేదూ? మన శాఖలో పలకనిదీ వెలగనిదీ ఏమవుతుంది? ఆర్డరు టైపు చేసింది నువ్వే కదా."

నాకు వెలిగింది. కొత్త కాయితం తీసుకుని రాశాను. సదరు సమయమున నీలకవలస బోర్డు క్యాంపులో ఉన్నది. నిరంతర సేవకు సంబంధించి దాని అదనపు బాధ్యతలను నేను నిర్వహించితిని. ఆ వ్యవధిలో ఒక వివాహము నమోదైనది.

సంజాయిషీని అంగీకరించారు. నెలాఖరుకి పక్షోత్సవాల నివేదిక రాష్ట్రమంతటి నుంచీ వెళ్ళింది. మిగతా జిల్లాలు ఎరుపుని ఎలా నిర్మూలించాయో నాకు తెలీదు, ఎవరి పద్ధతి వాళ్ళది. కాన్ఫరెన్సు రోజున నమోదైన వివాహాలు అన్న గడిలో మాత్రం అందరిదీ సున్నా. మాది ఒకటి. రాష్ట్రంలో మొదటి స్థానం మాకే వచ్చింది. ప్రశంసాపత్రం ఎవరి పేరుమీద ఇవ్వాలని పైవాళ్ళు అడిగితే, ఆ పెళ్ళి ఎవరి బాధ్యత కింద నమోదైందో ఫైలు తీసి చూశారు. నేను అదనపు బాధ్యతల్లో ఉన్నవాణ్ణి. అసలు బాధ్యత బోర్డుది. ప్రశంసాపత్రం నీలకవలస బోర్డు పేరుమీద వచ్చింది.

దాన్ని అందజెయ్యడానికి నన్నే పంపారు. సంచీ తిరిగి ఇచ్చారు, అందులో ఎక్స్‌టెన్షను బాక్సు భద్రంగా ఉంది. బస్సు దిగేసరికి ఈశ్వరీ ధనుంజయా స్టాండులో ఉన్నారు. అతను నీలకవలస ఆసుపత్రిలో చేరి అప్పటికి నాలుగు రోజులు, మెడలో కొత్త గుర్తింపు కార్డు. నా చేతిలో అద్దం కట్టిన పత్రం చూసి ఈశ్వరి లాక్కుని చదివింది. నడిరోడ్డు మీద కూర్చుని పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని పైకి చూసింది.

"అయితే మా పెళ్ళి రిజిస్టరు చేసింది ఆ బోర్డేనా అండి?"

"రికార్డు ప్రకారం అంతేనమ్మా," అన్నాను.